రెండో పక్షానికి వదిలిన చోటు

మా పత్రికలో ఒక రూలు ఉండేది. ఎవరి మీదైనా ఆరోపణ అచ్చు వేస్తే పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమ వైపు దెబ్బ తిన్నవాళ్ళ మాట, కుడి వైపు అంతే కొలతలో ఎదుటివాళ్ళ జవాబు వెయ్యాలి. రాసినదాన్ని అచ్చుకు ముందే ఎదుటివాళ్ళకు చూపించాలి. జవాబు రాకపోతే కుడి వైపు తెల్లగానే వదిలెయ్యాలి. లా చదివే పిల్లలం సొంతంగా నడుపుకునే పత్రిక అది, ఆరు నెలలకోసారి హిందీలో వచ్చేది. అడవి హక్కులు, గనుల లీజులు, విచారణ లేకుండా జైళ్ళలో మగ్గేవాళ్ళు, ఇవే మా విషయాలు. ఎవరు చదువుతారని అడిగితే ముందుగా మేమే, తర్వాత కొందరు వకీళ్ళు. జడ్జీలు కూడా చదువుతారని మా సంపాదకుడు గట్టిగా నమ్మేవాడు.

అతను ఆఖరి సంవత్సరం కుర్రాడు, రాయ్‌పూర్‌లో పెద్ద వకీలుగారి అబ్బాయి. మంచివాడు. ఆ మంచితనమే నాకు ఒళ్ళు మండించేది. ఎవరినీ వినకుండా తప్పు పట్టకూడదని మొదటి సంవత్సరంలో అందరికీ చెప్పే పాఠాన్ని మేమంతా పరీక్షలో రాసి మర్చిపోయాం, అతను మాత్రం మర్చిపోలేదు. ఆ తెల్లటి చోటంటే అతనికి ప్రాణం. పాత సంచికలు తెరిచి, జవాబు రాక తెల్లగా మిగిలిపోయిన పేజీలను కొత్తవాళ్ళకు చూపించేవాడు.

నేను ఆ పత్రికలోకి వచ్చింది చదువు ఎక్కువై కాదు, తెలుగు వచ్చినందుకు. మాలో హల్బీ వచ్చినవాళ్ళున్నారు, గోండీ వచ్చినవాడున్నాడు, హిందీ అందరిదీ. సరిహద్దు ఊళ్ళ మనుషులు తెలుగు మాట్లాడితే నన్ను పిలిచేవారు. వాళ్ళు చెప్పింది తెలుగులో రాసుకుని, హిందీలోకి మార్చి, మార్చినదాన్ని మళ్ళీ తెలుగులో ఆ మనిషికే చదివి వినిపించి, తప్పుంటే దిద్ది, కింద వేలిముద్ర వేయించుకోవడం నా పని. అలా చదివి వినిపించకుండా ఒక్క అక్షరం అచ్చుకు పోయేది కాదు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉండేది, ఇప్పటికీ ఉంది. నా గొడవంతా ఆ కుడి వైపుతోనే.

నేను పుట్టింది కిరందుల్ లైను మీద రైల్వే క్వార్టర్లో. మా నాన్న విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చి గ్యాంగ్‌మన్‌గా చేరాడు. ఇనుప రాయి మోసుకుని బండ్లు మా ఇంటి ముందు నుంచే విశాఖ వైపు పోయేవి, పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడేవి. పేలుళ్ళలో తేడా మాకు చిన్నప్పుడే తెలుసు. సైరన్ మోగాక పేలితే గని. సైరన్ లేకుండా పేలితే అడవిలో అన్నలు పేల్చిన పట్టాలు, అంటే మా నాన్న. అలాంటిది వినగానే అమ్మ పొయ్యి ఆర్పేసి గుమ్మంలో కూర్చునేది. ఒకసారి నాన్న క్షేమంగానే వచ్చాడు గానీ చొక్కా నిండా తన పక్కన పనిచేసే మనిషి రక్తం. అమ్మ ఆ చొక్కాను ఉతకలేదు, పెరట్లో కాల్చేసింది. ఆ వాసన ఇంట్లోంచి పోవడానికి చాన్నాళ్ళు పట్టింది.

నేను పత్రికలో చేరానని తెలిసినప్పుడు నాన్న అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "ఆ మట్టి మోసే బండి మీదే కదమ్మా మన కూడు. ఆలెవలి మీదో నువ్వు రాయడవేటి? సదువుకుని కోటు ఏసుకో, సాలు," అన్నాడు. ఆయన భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి వాదించబుద్ధి కాలేదు.

ఒక ఆడమనిషి మాట రాసుకోవాలని నన్ను పిలిపించింది దంతెవాడ కోర్టులో పనిచేసే ఒక వకీలు. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, ఎప్పుడూ విసుగ్గా ఉండే మొహం. ఆమె భర్త కేసు ఆయనే చూస్తున్నాడు. ఆమెది సరిహద్దులో గొల్లపల్లి, కాపురం మాత్రం తోంగ్‌పాల్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఫొటోకాపీ దుకాణం వెనక గదిలో వకీలు ఆఫీసు. అక్కడ కింద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నీది తెలుగేనా చెల్లె? పాట పాడినట్టు మాట్లాడుతున్నవ్," అంది.

"మాది సముద్రం వైపక్కా. ఏటయిందో సెప్పు," అన్నాను. ఆమె నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే.

ఆ వైపు వాగుల్లో వానలు తగ్గాక తగరం కలిసిన నల్ల ఇసుక దొరుకుతుంది. ఆడవాళ్ళు వెడల్పాటి చెక్క తట్టల్లో నీళ్ళతో ఆడించి, తేలిక ఇసుకను పోగొట్టి, అడుగున మిగిలిన నల్లటిదాన్ని అమ్ముకుంటారు. ఆ ఏడు వాగుతో సహా ఆ నేలంతా ఒక ఠేకేదారుకు, అంటే కాంట్రాక్టరుకు, లీజయింది. అతను ముళ్ళ తీగ కట్టించి కాపలా మనుషుల్ని పెట్టాడు.

"మా అత్త తీసింది, ఆమె అత్త తీసింది. తీగె కడితే కట్టనీ, ఏరంత పొడుగు కడతడా అని మేము కిందికెల్లి దిగినం. నలుగురొచ్చిన్రు. చేతుల రాడ్లున్నయ్. మావోడు తట్ట కింద పెట్టి చేతులెత్తిండు. చేతులెత్తినోణ్ణి కాళ్ళ మీద కొట్టిన్రు. బొక్క ఇరిగిన సప్పుడు నాకు ఇనబడ్డది, ఎండు ఎదురు ఇరిగినట్టు. నీళ్ళల్ల పడ్డడు. లేవకుండ ఒకడు ఈపు మీద కాలు పెట్టి తొక్కిండు. మొఖం నీళ్ళల్ల మునుగుతుంది, ఆడు ఇంక తొక్కుతుండు. నేను పోయి ఆని పిక్క కరిసిన. ఇగో, ఈ పన్ను అప్పుడే పోయింది."

తర్వాత జరిగింది వకీలు చెప్పాడు. పోలీసులు వచ్చి విరిగిన కాలుతోనే అతణ్ణి తీసుకెళ్ళారు. ఖనిజం దొంగతనం, గొడ్డలితో కాపలావాళ్ళ మీద దాడి అని కేసు. ఆమె ఠాణాకు వెళ్ళి చెప్పిన మాట ఎవరూ రాసుకోలేదు. జైల్లో కాలికి కర్రలు కట్టి వదిలేశారు. చూడటానికి వెళ్ళినప్పుడు ఆ కాలు నల్లబడి వాసన వస్తోందట.

"గొడ్డలి ఏంది? తట్టతోని ఎవడన్న నరుకుతడా?" అంది ఆమె. తర్వాత నా చేతిలో పెన్ను వైపు చూసింది. "అన్ని కాయితాలల్ల ఆల్ల మాటనే ఉందంట. నాది ఒక్కటి లేదంట. ఒక్క కాయితంల నా మాట ఉండాలె చెల్లె. ఆ కాలు కుళ్ళకముందే ఆయన ఇంటికి రావాలె."

అచ్చు కాగితం సాక్ష్యం కాదని వకీలు ఆమెకు నా ముందే చెప్పాడు. బెయిలు విచారణ దగ్గర పడుతోంది, రెండో మాట ఒకటుందని జడ్జి కంటికి కనబడితే చాలు, అని కూడా చెప్పాడు. నేను రాసుకుని, హిందీలోకి మార్చి, తెలుగులో చదివి వినిపించాను. కొందరు వచ్చారు అని చదివితే ఆపింది. "కొందరు గాదు, నలుగురు." దిద్దాను. చివర్లో ఆమె ఎడమ బొటనవేలు కొంగుతో తుడుచుకుని, సిరా అద్దుకుని, నిదానంగా ఒత్తింది. ఎత్తి చూసుకుని, "మంచిగొచ్చింది, గీతలన్ని కనబడుతున్నయ్," అంది సంతోషంగా. కింద "ఎడమ బొటనవేలు" అని నేను రాశాను. మా దగ్గర అలా రాయడం అలవాటు.

సంపాదకవర్గం సమావేశం కాలేజీ లైబ్రరీ వెనక గదిలో జరిగింది. పేజీ ఒకరి చేతి నుంచి ఒకరికి తిరిగింది. సంపాదకుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, "ఇది ఠేకేదారు ఆఫీసుకు పంపాలి, జవాబు అడగాలి," అన్నాడు.

ఇది కాలేజీలో వాద ప్రతివాదాల పోటీ కాదని, ఆ ఎదుటివాళ్ళు కాగితంతో జవాబు చెప్పరని అరిచాను. అతను అరవలేదు. నువ్వు రాసింది నిజమే అయితే చూపించడానికి భయమెందుకు అని అడిగాడు. భయం నాకు కాదు, ఆ వేలు నాది కాదు అన్నాను. సరే, పంపితే పంపండి, పేరూ ఊరూ తీసేసి పంపండి అన్నాను. పేరు లేని ఆరోపణకు ఎవరైనా ఎలా జవాబు చెప్తారు, అది న్యాయమా అన్నాడు. పుస్తకంలో అతనిదే సరి. చేతులెత్తమంటే వద్దన్న చెయ్యి నాదొక్కటే.

టపాలో పంపితే ఆలస్యమవుతుందని అతనే మోటారు సైకిల్ మీద వెళ్ళి, ఆ పేజీని స్వయంగా ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాడు. వచ్చాక మాకు చెప్పాడు. ఆఫీసులో మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారట. నేను బయటికి పరిగెత్తి వకీలుకు ఫోన్ చేశాను. "ఎవరు చెప్పారమ్మా మీకిలా చెయ్యమని?" అన్నాడు, అంతే. కోర్టు వదిలేసి జీపు మాట్లాడుకుని బయల్దేరాడు. తోంగ్‌పాల్ ఇవతల రోడ్డుకు అడ్డంగా చెట్లు నరికి పడేసి ఉన్నాయి. ఆ రోజు అన్నల బంద్. ఆయన జీపు దిగి నడిచి ఊరు చేరేసరికి పని అయిపోయింది.

నేను ఆమెను దంతెవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చూశాను. మంచం దొరక్క వరండాలో చాప మీద పడుకుని ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా గుడ్డ చుట్టి, పైకెత్తి గోడకు ఆనించి పెట్టారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చిట్లి అట్ట కట్టింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె తనంతట తానే చెప్పింది.

"పొద్దుగాల వడ్లు దంచుతున్న. ఆ నలుగురే వచ్చిన్రు. ఆల్ల చేతుల నీ కాయితం ఉంది. చదివి ఇనిపిచ్చిన్రు చెల్లె. నువ్వు చదివినట్టే, మొదటికెల్లి ఆఖరు దాక. తప్పులేమన్న ఉన్నయా అని అడిగిన్రు."

"నువ్వేం చెప్పావక్కా?"

"లేవన్న." ఆమె కాసేపు ఊపిరి పీల్చుకుంది. "ఏ వేలు పెట్టినవే అన్నడు ఒకడు. కుడిది చూపిచ్చిన. ఇంకోడు కాయితం చూసి, ఎడమది అని రాసుంది అన్నడు. ఇద్దరు నా రెక్కలు పట్టుకున్నరు. వేలు రోట్ల పెట్టిన్రు. నా రోలే, నా రోకలే. మొదటి దెబ్బకు గోరు లేచింది. రెండో దెబ్బకు నేను ఒరిలిన. ఆ తరువాత నాకు యాదికి లేదు. మా అత్త చెప్తది, నేను సప్పుడు జేయకుంటయినంక కూడ దంచిన్రంట, మెత్తగయ్యేదాక."

నేను లేచి వరండా చివరికి పోయి వాంతి చేసుకున్నాను. మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి సంపాదకుడు అక్కడ ఉన్నాడు, చేతిలో యాపిల్ పళ్ళ సంచితో. మనం పై అధికారులకు ఫిర్యాదు చేద్దాం అని హిందీలో మొదలుపెట్టాడు.

నేను అతణ్ణి కొట్టాను. చెంప మీద ఒకటి, మళ్ళీ ఒకటి. కళ్ళజోడు ఎగిరి పడింది, సంచి చిరిగి పళ్ళు వరండా నిండా దొర్లాయి. కంటి దగ్గర చర్మం చిట్లి రక్తం వచ్చింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ఆపేదాన్నేమో, పెట్టుకోలేదు కాబట్టి నా కోపం ఇంకా పెరిగింది. రోగులు లేచి కూర్చున్నారు. నర్సు వచ్చి నా జబ్బ పట్టుకుని లాగింది. ఆ రోజు నా చేతిలో రోకలి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"కొట్టకు చెల్లె," అంది ఆమె చాప మీద నుంచి. "ఆ పిలగాణ్ణి అడుగు. ఆల్ల జవాబు కోసం చోటు ఇడిసిపెట్టిన్రంట గదా. అది ఇంక ఉందా?"

నేను అడిగాను. అతను కిందపడ్డ కళ్ళజోడు వెతుక్కుని, భుజానికున్న సంచీలోంచి అచ్చుకు సిద్ధం చేసిన పేజీ తీశాడు. ఎడమ వైపు ఆమె మాట, కింద ఆమె వేలిముద్ర, గీత గీతా కనబడుతూ. కుడి వైపు, పైన "రెండో పక్షం జవాబు" అన్న శీర్షిక ఒక్కటే, దాని కింద ఏమీ లేదు.

"ఆల్లు జవాబు ఇచ్చిన్రు," అంది ఆమె. "ఏస్కోండ్రి."

మాకు అర్థమయ్యేలోపే ఆమె పళ్ళతో కట్టు ముడి విప్పడం మొదలుపెట్టింది. నర్సు తిట్టింది, నేను చెయ్యి పట్టుకోబోయాను. ఆమె నన్ను మోచేత్తో నెట్టేసింది. గుడ్డ చివరి చుట్టు మాంసానికి అంటుకుపోయి ఉంది. లాగినప్పుడు ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. సంపాదకుడు సిరా డబ్బీ తీయబోతే తల అడ్డంగా ఊపింది. సిరా అక్కర్లేకపోయింది. కుడి వైపు తెల్లటి చోటులో ఆ వేలు ఒత్తి, ఎత్తింది. అది వేలిముద్రలా లేదు. గీతల్లేని ఒక మరక, ఒక పక్కకు చెదిరిపోయి.

అతను ఆ పేజీని రెండు చేతుల్తో పట్టుకుని ఆరేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత పెన్ను తీసి, మా అలవాటు ప్రకారం, ఆ మరక కింద "ఎడమ బొటనవేలు" అని రాశాడు. ఆ ఒక్క పని అతను సరిగ్గా చేశాడని ఒప్పుకుంటాను. క్షమించానని కాదు.

మా పత్రికను అచ్చు వేసేది పెళ్ళి కార్డులు వేసే ఒక ముసలాయన. పేజీ చూసి, ఇది ఏంటని అడిగాడు. చెప్పాం. ఆయన ఇంకేమీ అడగకుండా మిషను మీదికి ఎక్కించాడు. అచ్చయిన కాగితాలను మడిచి కుట్టే పని వెనక వీధిలో ఒక ఇంట్లో జరిగేది. నేను అక్కడే కూర్చుని మడతలు పెడుతుండగా మోటారు సైకిళ్ళ చప్పుడు, ఆ వెంటనే అద్దాలు పగిలిన చప్పుడు వినిపించాయి. పట్టపగలు. ప్రెస్సు ముందు బజారు నిండా జనం. ఒక్కరూ కదల్లేదు.

నేను వీధి మలుపులోంచి చూశాను. మొహాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు గడ్డపారలతో మిషను పళ్ళ చక్రాలు విరగ్గొడుతున్నారు. కాగితాల కట్టలు కాలవలో పడేసి, తడవనివాటి మీద పెట్రోలు పోసి అంటించారు. ఎవరో చెప్పేదాకా ప్రెస్సు లోపల ముసలాయన ఉన్నాడని నాకు తెలియదు. ఆయన్ని జుట్టు పట్టి గుమ్మం మీదుగా ఈడ్చుకొచ్చి మెట్ల మీద తల కొట్టారు, వెళ్ళిపోతూ ఒకడు కడుపులో తన్నాడు. వాళ్ళు వెళ్ళాక నేనూ, నాతో మడతలు పెడుతున్న ఒకామె ఆయన్ని లేపి కూర్చోబెట్టాం. నెత్తి మీద నుంచి రక్తం కళ్ళలోకి కారుతోంది. "మడతలు అయ్యాయా?" అని అడిగాడు హిందీలో. అయ్యాయని చెప్పాను. అచ్చయిన పుస్తకం ప్రెస్సులోనే ఉంటుందని ఆ మనుషులు అనుకున్నారు, కుట్టే చోటు వేరని వాళ్ళకు తెలియదు.

కబురు తెలిసి నాన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. బస్సులో నా ఒడిలో ఉన్న పుస్తకం తీసుకుని ఆ పేజీ తెరిచాడు. హిందీ కూడబలుక్కుని చదివేంత ఓపిక ఆయనకు లేదు. రెండు ముద్రలనూ చూశాడు, ఒకదాని తర్వాత ఒకటి. వేలు పెట్టి కుడి వైపుదాన్ని తడమబోయి, ఆగిపోయాడు.

"నీ పేరు ఏదమ్మా ఇందులో?"

"చివర్లో నాన్నా. తెలుగు నుంచి మార్చింది నేనని వేశారు."

"సిన్నచ్చరాలేనా?"

"చిన్నవే."

నన్ను మానెయ్యమంటాడని, నేను ఎదురు చెప్పాల్సి వస్తుందని అనుకున్నాను. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, "ఉండనీ," అన్నాడు. మా నాన్న మీద నాకంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

బెయిలు విచారణ రోజు వకీలు ఆ పేజీని, ఆసుపత్రి ఇచ్చిన గాయాల కాగితాన్ని కలిపి జడ్జి ముందు పెట్టాడు. నేను వెనక బెంచీలో ఉన్నాను. జడ్జి పేజీని చూసి, బోర్లా తిప్పి పెట్టాడు. కాసేపయ్యాక, ఖైదీ కాలికి వైద్యం ఏం జరిగిందని ప్రభుత్వ వకీలును అడిగాడు. ఆయన ఫైలు తిరగేశాడు, జవాబు దొరకలేదు. ముందు ఆసుపత్రికి తరలించమన్నారు, తర్వాత బెయిలు ఇచ్చారు. ఉత్తర్వులో మా పత్రిక ఊసు లేదు. ఆ కాలు మోకాలి కింద దాకా తీసెయ్యాల్సి వచ్చింది. అతను ఇంటికి వచ్చాడు, కర్ర మీద. ఆమె కోరుకున్నది సగమే దక్కింది.

ఆమె వేలి మీద కేసు నడవలేదు. ఠాణాలో రాసుకున్నదేమిటంటే, ఇంట్లో వడ్లు దంచుకుంటుండగా పొరపాటున చెయ్యి రోట్లో పడిందని. వకీలు ఆ కాగితం నాకు చూపించినప్పుడు నేను నవ్వాను, ఏడుపు రాక. ఆ ఇంట్లో వడ్లు దంచడం నిజం, రోలు నిజం, రోకలి నిజం, వేలు నిజం. ఆ నలుగురు మాత్రం అందులో లేరు.

నేను చదువు ముగించి దంతెవాడలోనే కోటు వేసుకున్నాను, అదే వకీలు దగ్గర. సంపాదకుడు రాయ్‌పూర్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడని విన్నాను. కంటి పక్కన మచ్చ ఇంకా ఉందట. పత్రికను తర్వాతి పిల్లలు కొన్నాళ్ళు నడిపి ఆపేశారు.

చాలా ఏళ్ళ తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళ్ళాను. రేషన్ దుకాణం ముందు వరసలో ఆమె కనబడింది. జుట్టు నెరిసింది, ఆ పన్ను ఖాళీ అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టి కుడి చేత్తో నా బుగ్గ పట్టుకుంది. వాగు చుట్టూ ఇప్పుడు ముళ్ళ తీగ కాదు, గోడే కట్టారని చెప్పింది. ఆమె వంతు రాగానే దుకాణంవాడు వేలిముద్ర మిషను ముందుకు తోశాడు. ఆమె ఎడమ బొటనవేలు పెట్టింది. చివర మొండిగా, నున్నగా, మెరుస్తూ ఉంది. మిషను కీచుమంది, ఎర్ర దీపం వెలిగింది.

"నహీ ఆయా," అని అరిచాడు అతను, వరసంతటికీ వినబడేలా. "ప్రతి నెలా ఇదే. కుడిది పెట్టమ్మా."

ఆమె కుడి వేలు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. బియ్యం సంచి నేను ఎత్తుకున్నాను. దారిలో అడిగాను, "కుడిది పనిచేస్తుందని తెలుసు కదక్కా, మరి ముందు ఎడమదే ఎందుకు పెడతావు?"

ఆమె నడుస్తూనే చెప్పింది.

"నేను చెప్తె ఠాణాల రాసుకోలే. నువ్వు రాసింది కాల్చిన్రు. ఈ సర్కారోని మిషనుకు నా వేలు ఎరుకే, ఆల్లు దంచకముందు, కార్డు జేసేటప్పుడు తీసుకున్నదే. ఆ వేలు ఇప్పుడు లేదని అదే చెప్తది, అందరి ముందట. నెల నెలా చెప్పాలె. నేనున్నన్ని దినాలు దాంతోని చెప్పిస్త."